మక్కా మసీదు ఎందుకంత సాదాగా ఉంది, టోలీ మసీదు ఎందుకంత నగిషీగా ఉంది?

మీరు అడిగినవి మూడు. హైదరాబాద్ మక్కా మసీదు అంత పెద్దదై ఉండి కూడా అలంకారం ఎందుకు అంత తక్కువగా కనిపిస్తుంది? ఔరంగజేబు ఖర్చు తగ్గించేయడం వల్లే నగిషీ పని ఆగిపోయిందన్న మాట నిజమేనా? కుతుబ్ షాహీల నాటి పనితనం బాగా చూడాలంటే నగరంలో ఏ మసీదుకు వెళ్ళాలి? చివర్లో స్పానిష్ మసీదు కూడా ఆ కాలానిదేనా అని అడిగారు. పాత కట్టడాల మరమ్మతుల్లో, ముఖ్యంగా సున్నం పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

ఈ ప్రశ్నకు జవాబు కోసం అందరూ రాజుల స్వభావాల్లోకి వెళ్తారు. ఫలానా సుల్తాను రసికుడు, ఫలానా బాదుషా నిరాడంబరుడు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నా లెక్కలో అసలు జవాబు సరుకులో ఉంది. మక్కా మసీదు ముఖం రాతిది, అంటే మన గ్రానైటు. కుతుబ్ షాహీ పనితనం కోసం నేను చూడమనేది కార్వాన్‌లోని టోలీ మసీదు. దాని ముఖం గచ్చుది, అంటే సున్నంతో చేసిన పూత. ఆ తేడా మనసులో పెట్టుకుని చూస్తే రెండు మసీదులూ వేరుగా కనిపిస్తాయి.

మక్కా మసీదు చరిత్ర క్లుప్తంగా. గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా 1617లో పని మొదలుపెట్టించాడు. పునాది రాయి గురించి ఒక కథ నగరంలో అందరికీ తెలుసు. జీవితంలో ఒక్క నమాజు కూడా తప్పనివాడే రాయి వేయాలని ప్రకటిస్తే ఎవరూ ముందుకు రాలేదట, అర్ధరాత్రి నమాజు కూడా ఏనాడూ తప్పని సుల్తానే వచ్చి వేశాడట. పని అజమాయిషీ చేసినవారిగా దారోగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి అనే ఇద్దరి పేర్లు వినబడతాయి. ఒక పారశీక పేరు, పక్కనే ఒక తెలుగు పేరు. ఆ కాలపు గోల్కొండ దర్బారు ఎలా నడిచిందో ఆ జంట చెబుతుంది. దాదాపు 8,000 మంది కూలీలు, మేస్త్రీలు పనిచేశారని చెబుతారు.

మహమ్మద్ కుతుబ్ షా 1626లో పోయాడు. తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా 1672 వరకు, ఆ తర్వాత అబుల్ హసన్ తానీషా. 1687లో గోల్కొండ మొఘలుల చేతిలో పడింది. మసీదు పని 1694లో, ఔరంగజేబు హయాంలో పూర్తయింది. అంటే 77 ఏళ్లు, నలుగురు పాలకులు, ఒక రాజ్యం అంతం. మధ్యలో మూడు తరాల మేస్త్రీలు మారి ఉంటారు. ఇంత జరిగినా కట్టడం ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే కట్టడంగా నిలబడింది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అదే.

ఇప్పుడు రాతి సంగతి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆ రోజుల్లో గోల్కొండకు వచ్చి, సగంలో ఉన్న ఈ మసీదును చూసి రాసిపెట్టాడు. పని మొదలై అప్పటికే యాభై ఏళ్లు అయిందని, పూర్తయితే హిందూస్థానంలో ఇంత ఘనమైనది ఉండదని అన్నాడు. ప్రార్థన గూడుకు, అంటే మెహ్రాబుకు, ఒకే బండ వాడారట. ఆ బండను గనిలోంచి విడదీయడానికే ఐదేళ్లు పట్టిందట, 500 నుంచి 600 మంది ఆపకుండా పనిచేశారట, లాగడానికి 1,400 ఎద్దులు కట్టారట. విదేశీ యాత్రికుల లెక్కల్లో కొంత పెంపు ఉంటుంది. అయినా బండ పనిలో మెలిగినవాళ్లకు ఈ సంఖ్యలు నమ్మశక్యం కానివిగా అనిపించవు. పెద్ద గ్రానైటు బండను పగలకుండా విడదీయాలంటే దాని చారను చదవాలి. వరసగా గాట్లు కొట్టి, మేకులు దిగేసి, ఒక్కో దెబ్బకూ చప్పుడు వింటూ పోవాలి. చప్పుడు మారిందంటే బండ ఎటు చీలుతుందో అనుభవం ఉన్న వడ్డెర మేస్త్రీ చెప్పేస్తాడు. ఆ పని చేసినవారిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. అది తలుచుకుంటే నాకు బాధే.

గ్రానైటుతో ఉన్న ఇబ్బంది దాని గింజ. పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకం పెద్ద పెద్ద గింజలుగా కలిసి ఉంటాయి. ఉలి ఒకదాని మీద ఒకలా, ఇంకొకదాని మీద ఇంకోలా పడుతుంది. పెద్ద గీతలు, బలమైన మొనలు, నునుపు తలాలు బాగా వస్తాయి. పూరేకు అంచులు, లత మెలికలు చెక్కబోతే గింజ ఎగిరిపోతుంది. మన కాకతీయ శిల్పులకు ఈ సంగతి బాగా తెలుసు. 1213 నాటి రామప్ప గుడిలో గోడలకు ఎర్ర ఇసుకరాయి వాడి, మదనికలకూ (చూరు కింది స్త్రీ శిల్పాలకూ) సన్నటి చెక్కడాలు ఉన్న స్తంభాలకూ సన్న గింజ ఉన్న నల్ల డోలరైటు తెచ్చుకున్నారు. కుతుబ్ షాహీలూ అలాంటి నల్లరాయిని సమాధి ఫలకాలకు, శాసనాలకు వాడారు. అక్షరం పదునుగా నిలవాలంటే అదే సరైనది. కానీ మసీదు మొత్తాన్ని గ్రానైటుతో కట్టాలని నిర్ణయించుకున్నారంటే, నగిషీని కొంత వదులుకుంటామని ముందే ఒప్పుకున్నట్టే.

అందుకే మక్కా మసీదులో అలంకారం లేదనడం సరికాదు. రాతికి తగినంతే ఉంది. కమానుల పైన పూల పట్టీలు ఉన్నాయి. కట్టడం చుట్టూ చూరు కింద చెక్కిన రాతి పట్టీ తిరుగుతుంది. ద్వారాల మీద ఖురాన్ వాక్యాలు ఉన్నాయి. అన్నిటికీ మించి కొలతే ఇక్కడ అలంకారం. ప్రార్థన మందిరం 67 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. ముఖభాగంలో ఐదు కమానులు, లోపల మొత్తం పదిహేను కమానుల మీద కప్పు నిలబడింది. ఒక్కసారి పదివేల మంది నమాజు చేసుకోవచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక కమాను కింద నిలబడి, రెండు రాళ్లు కలిసే అతుకును మాత్రం పైదాకా చూస్తూ వెళ్ళండి. వంపు ఎక్కడ మొదలవుతుందో అక్కడ అతుకు కూడా మెల్లగా వాలుతుంది, ప్రతి రాయీ తన పక్క రాయి కోసమే కోసినట్టు ఉంటుంది. ఆ కోత తప్పితే తర్వాత సరిదిద్దుకోవడానికి గచ్చులా పూసి కప్పెట్టడం కుదరదు. ఆ నిఖార్సయిన పనినే నేను మక్కా మసీదు నగిషీ అంటాను.

నడిమి కమానుకు వాడిన ఇటుకలు మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసినవని, మసీదుకు ఆ పేరు అందుకే వచ్చిందని ప్రతీతి.

ఔరంగజేబు సంగతి. కట్టడం పూర్తి చేయించినవాడు ఆయనే. కుతుబ్ షాహీ మసీదులు చూసి అలవాటైన కంటికి ఇక్కడ ఒక లోటు వెంటనే తెలుస్తుంది. ముఖభాగానికి రెండు చివర్లా ఉన్న మినార్లు ఆ లావుకు తగినంత ఎత్తు లేవు. బురుజుల్లా లేచి, ఒక కమానుల గ్యాలరీ, పైన చిన్న గుమ్మటంతో ముగిసిపోతాయి. చార్మినార్ మినార్ల పొడవు పక్కనే ఉంది కాబట్టి పొట్టితనం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి ఊహలో ఇవి ఇంకా ఎత్తు వెళ్ళాల్సినవని, మొఘలులు త్వరగా ముగించేశారని కళాచరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. నాకూ అది సబబుగానే తోస్తుంది. కానీ దాన్నుంచి గోడల సాదాతనానికి కూడా ఆయనే కారణమని దూకడం సరికాదు. గోడలు గ్రానైటుతో కట్టాలన్న నిర్ణయం 1617 నాటిది. అప్పటికి ఔరంగజేబు పుట్టలేదు కూడా.

ఇక గచ్చు దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే హైదరాబాద్ మసీదుల అందంలో పెద్ద వాటా దీనిదే.

కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం వాడు, అంతకుముందు దక్కనును ఏలిన బహమనీ సుల్తానుల కొలువులో ఎదిగాడు. బహమనీలు గుల్బర్గాలో, బీదర్‌లో రాతి గోడ మీద సున్నం పూత, రంగు పలకలు పరిచే పద్ధతిని దక్కనులో అప్పటికే పాదుకొల్పారు. 1472 నాటి బీదర్ మహమూద్ గవాన్ మదరసా మీద ఆ రంగు పలకలు నేటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. గోల్కొండ కోటలో 1518 నాటి జామీ మసీదు చూస్తే చాలా సాదాగా ఉంటుంది. తర్వాత 1591లో చార్మినార్, 1597లో దాని పక్కనే జామా మసీదు వచ్చాయి. చార్మినార్ పై అంతస్తులో పడమటి వైపు ఒక మసీదు ఉందని చాలామందికి తెలియదు. ఈ నగరంలో పాత మసీదులలో అదొకటి. అబ్దుల్లా కుతుబ్ షా కాలానికి వచ్చేసరికి గచ్చు మేస్త్రీల చెయ్యి పూర్తిగా తిరిగిపోయింది. టోలీ మసీదు ఆ కాలపు చివర్లో, 1671లో కట్టింది.

గచ్చు పని ఇలా సాగుతుంది. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. నీళ్లు పోసి చల్లారుస్తారు. ఆ ముద్దను తొట్టెలో నీళ్ల కింద నెలల తరబడి మాగబెడతారు. ఎంత మాగితే అంత జిగి. తర్వాత ఇసుక కలిపి గానుగలో రుబ్బుతారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు, దానివల్ల పూత మెల్లగా గట్టిపడి పగుళ్లు తక్కువ వస్తాయి. పైపూతకు పాలరాతి పొడి, గుడ్డు సొన వాడే పద్ధతి కూడా ఉంది. గోడ మీద మొదట గరుకు పూత, దాని మీద సన్న పూత. సన్న పూత సగం ఆరి, గోరుతో గుచ్చితే గుర్తు పడేంత మెత్తగా ఉన్నప్పుడే మేస్త్రీ చిన్న తాపీ, సన్న పరికరాలతో కోత మొదలుపెడతాడు. కొన్ని గంటలే ఆ అదను. దాటిపోతే పెళుసవుతుంది, ముందే మొదలుపెడితే జారిపోతుంది. ఆ తర్వాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూ తిరిగి సున్నపురాయిగా మారుతుంది. కాల్చి పిండి చేసిన రాయి గోడ మీద మళ్లీ రాయి అవుతుందన్నమాట.

టోలీ మసీదు కార్వాన్‌లో ఉంది, గోల్కొండ కోటకు దాదాపు రెండు కిలోమీటర్ల దూరం. కట్టించినవాడు అబ్దుల్లా దర్బారులో మహల్దారుగా, అంటే రాజభవన అధికారిగా ఉన్న మూసా ఖాన్. దీన్నే దమ్డీ మసీదు అని కూడా అంటారు. మక్కా మసీదు మీద ఖర్చయ్యే ప్రతి రూపాయికీ ఒక దమ్డీ, అంటే అతి చిన్న నాణెం, మూసా ఖాన్‌కు దక్కేదని, ఆ సొమ్ముతోనే ఇది కట్టాడని కథ. నిజమైనా కాకపోయినా ఆ కథ రెండు మసీదులనూ ఒక తాడున కట్టేసింది. ఒకటి రాజు రాతితో తరాలపాటు సాగింది. ఇంకొకటి ఉద్యోగి గచ్చుతో తన జీవితకాలంలోనే కట్టుకున్నది.

ఎత్తైన అరుగు మీద ఐదు కమానుల ముఖభాగం, రెండు పక్కలా రెండు మినార్లు. మక్కా మసీదులో మీకు దొరకనిదంతా ఇక్కడ ఉంది. మినార్ల నడుముకు ముందుకు పొడుచుకొచ్చిన గ్యాలరీలు, పైన ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం, ఆ గుమ్మటం అడుగున చుట్టూ విచ్చుకున్న తామర రేకులు. పిట్టగోడ మీద చిన్న చిన్న కమానుల వరస, వాటి మధ్య జాలీలు. ప్రాణమంతా మాత్రం కమానుకు రెండు భుజాల మీద ఉన్న ముక్కోణపు జాగాలో ఉంది. అక్కడ గుండ్రటి తామర పతకాలు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో తీరు.

ఒక పతకం ఎంచుకుని దాని ముందే నిలబడండి. బయటి రేకులు వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నంగా ఉంటాయి. రేకు అంచును నిటారుగా కోయలేదు, లోపలికి వాల్చి కోశారు. దానివల్ల ప్రతి రేకు కిందా ఒక సన్నటి నీడ గీత పడుతుంది. దూరం నుంచి మన కంటికి పువ్వుగా కనిపించేది నిజానికి ఆ నీడల గీతలే. ఇదే పతకాన్ని గ్రానైటులో చేయాలంటే ఆ వాలు కోత దగ్గరే రాయి ఓడిపోతుంది. తామర మన నేలలో వెయ్యేళ్లకు పైగా శిల్పుల చేతిలో మెలిగిన పువ్వు. సుల్తాను కొలువులోని మేస్త్రీ దాన్ని మసీదు మీద పెట్టడానికి కొత్తగా నేర్చుకోవాల్సిన పనేమీ లేకపోయింది. దీన్ని కొందరు మతాల కలయికగా పెద్ద మాటల్లో చెబుతారు. నాకైతే ఒకే వీధిలో పుట్టిన చేతులు ఒకే పువ్వును చెక్కాయని చెప్పడమే సరిగ్గా అనిపిస్తుంది.

వెళ్ళే వేళ ముఖ్యం. మన దగ్గర కిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పే దిక్కు, పడమటి వైపు కాబట్టి మసీదుల ముఖాలు తూర్పుకు ఉంటాయి. పొద్దున్నే, ఎండ ఇంకా వాలుగా ఉన్నప్పుడు వెళ్ళండి. నీడలు పొడవుగా పడి ప్రతి కోతా లేచి కనిపిస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి అదే గోడ చదునుగా, పాలిపోయినట్టుగా ఉంటుంది. సాయంత్రం ముఖభాగం మొత్తం నీడలోకి పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం, పండుగ రోజుల్లో సందర్శనకు వెళ్ళకండి, అవి ప్రార్థన చేసుకునేవారివి. ఒళ్లు కప్పే బట్టలు వేసుకోండి, చెప్పులు విప్పండి, లోపలి మందిరంలోకి వెళ్ళవచ్చో లేదో అక్కడివారిని అడిగి వెళ్ళండి.

గచ్చుకు శత్రువులు ముగ్గురు. ఒకటి నీరు. కప్పు మీద నీరు నిలిస్తే లోపలికి దిగి పూతను వెనక నుంచి వదులు చేస్తుంది. 2019 మే మొదట్లో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రెండోది సిమెంటు. పాత గోడ సున్నంతో కట్టింది, అది ఊపిరి పీలుస్తుంది. లోపలి తేమ పూత గుండా బయటికి పోతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే పేరుకుంటుంది, చివరికి సిమెంటుతో పాటు దాని వెనకున్న పాత గచ్చు కూడా ఊడివస్తుంది. నేను చూసిన నష్టాల్లో చాలా భాగం నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావు, మంచి ఉద్దేశంతో వేసిన సిమెంటు వల్ల వచ్చినవే. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేసిన పనిలో ముఖ్యమైనది ఇదే. పాత మరమ్మతుల సిమెంటును ఓపికగా తీసేసి, మళ్లీ సున్నం వేశారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే 1660ల నాటి పెద్ద మసీదు మినార్ల మీద కొత్త పూతకూ పాత పనికీ తేడా దగ్గర నుంచి పోల్చి చూసుకోవచ్చు.

మూడోది వినడానికి వింతగా ఉంటుంది. భక్తితో కొట్టే సున్నం. పండుగకు ముందు గోడలకు సున్నం కొట్టడం మంచి ఆచారమే, గోడకు మేలు కూడా. కానీ చెక్కిన పతకం మీద వందల ఏళ్లుగా పొర మీద పొర పడితే ఆ వాలు కోతలు పూడిపోతాయి, నీడ గీతలు మాయమవుతాయి. పాత బస్తీలో మీరు చూసే కొన్ని మసీదుల మీద మొద్దుబారిన గుండ్రాలు కనిపిస్తే అది మేస్త్రీ చేతకానితనం అనుకోకండి. ఆ పొరల కింద పదునైన పని భద్రంగా ఉండి ఉంటుంది. ఎనామిల్ రంగు వేస్తే మాత్రం పరిస్థితి వేరు, అది సిమెంటు లాగే తేమను బంధిస్తుంది. మీ ఇంటి దగ్గర ఏదైనా పాత మసీదు కమిటీ రంగులు వేయించాలనుకుంటుంటే, పల్చటి సున్నపు తేట మాత్రమే వేయించమని, చెక్కడాల మీద అది కూడా వద్దని దయచేసి చెప్పండి.

ఒక్క రోజే ఉంటే నా సలహా ఇది. పొద్దున్నే టోలీ మసీదు, అక్కడి నుంచి కుతుబ్ షాహీ సమాధుల దగ్గరి పెద్ద మసీదు, ఎండ ఎక్కాక మక్కా మసీదు. మక్కా మసీదు కొలత మీద, రాతి కోత మీద నిలబడ్డ కట్టడం కాబట్టి దానికి వాలు ఎండ అక్కర్లేదు. ప్రాంగణంలో ఒక పక్కన ఉన్న అసఫ్ జాహీల, అంటే నిజాముల సమాధులు కూడా చూడండి. నిజాం అలీ ఖాన్ నుంచి 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వరకు పాలకులు అక్కడ ఉన్నారు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మాత్రం కింగ్ కోఠీ దగ్గరి జూదీ మసీదులో ఉన్నాడు.

స్పానిష్ మసీదు కుతుబ్ షాహీలది కాదు. బేగంపేటలోని ఆ మసీదు ‘పైగా’ అనే ప్రభువంశపు నవాబు సర్ వికారుల్ ఉమ్రా సంకల్పం, 1906లో పూర్తయింది. స్పెయిన్‌లోని కార్డోవా మసీదు స్ఫూర్తితో కట్టించారు కాబట్టి గుమ్మటాల మినార్లకు బదులు కోసుగా లేచిన శిఖరాలు ఉంటాయి. గచ్చు తామరల కోసం అక్కడికి వెళ్ళకండి, దొరకవు. దాన్ని ఇంకో రోజు, దాని కోసమే వెళ్ళి చూడండి.